నీటిని బట్టే దోమ

ప్రశ్న: మాది పాడేరు దగ్గర గెడ్డ (కొండవాగు) ఒడ్డున చిన్న ఊరు. మురుగు లేదు, చెత్తకుప్పలు లేవు. అయినా ఏటా మలేరియా. మైదానంలో మురుగు కాలువ పక్కనే ఉండే మా చుట్టాలకు రాదు. ఎందుకని?

జవాబు: మలేరియాను మోసే అనాఫిలిస్ దోమకు మురుగు పడదు. మురుగులో పెరిగేది క్యూలెక్స్. అది తెచ్చేది బోదకాలు. మన్యంలో ప్రధానంగా చూడాల్సింది అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్‌ను. తేటగా, నెమ్మదిగా పారే నీటి అంచున, గడ్డి వేలాడే చోట ఇది గుడ్లు పెడుతుంది. పైగా గొడ్ల కంటే మనిషి రక్తమే దీనికి ఇష్టం, అందుకే తక్కువ దోమలున్నా జ్వరాలు ఎక్కువ. గెడ్డ పొంగితే లార్వాలు (నీటిలోని దోమ పిల్లపురుగులు) కొట్టుకుపోతాయి. వాన తెరిపిచ్చి, ఒడ్డున గుంటలు తేలాక మళ్లీ మొదలవుతాయి. జోరువానలో కాదు, అది తగ్గాకే జాగ్రత్త పడాలి.

ముందు ఇళ్లకు దగ్గరగా ఉన్న ఒడ్డు పట్టండి. నీటిలోకి వేలాడే గడ్డి కోసేయండి, గుంటలను పూడ్చండి లేదా చిన్న కాలువ తీసి గెడ్డలో కలపండి. ఇది వారం వారం జరగాలి. గుడ్డు దోమ కావడానికి వెచ్చని నీటిలో పది రోజులు చాలు కాబట్టి, ఒక్క వారం మానితే పడ్డ శ్రమంతా వృథా. లార్వాలున్నాయో లేదో చూడాలంటే మీ నీడ నీటిమీద పడకుండా నిలబడి, తెల్లటి గరిటెను ఏటవాలుగా ముంచండి. నీడ పడితే అవి అడుగుకు పోతాయి. నీటిమీద పడుకున్నట్టు ఉంటే అనాఫిలిస్, తల కిందులుగా వేలాడితే క్యూలెక్స్ లేదా ఏడిస్ (డెంగీ దోమ).

పారే నీటిలో కిరోసిన్, కాలిన నూనె పోయకండి, నిలవవు. లార్వాలను తినే గంబూషియా చేపలను గెడ్డలో వదలడమూ తప్పే, స్థానిక చేపల పిల్లలను, కప్పల తోకపిల్లలను తినేస్తాయి. ఇంట్లో మందు కొట్టించాక రెండున్నర నెలలు గోడ అలక్కండి, అలికితే మందు మట్టి కింద పడిపోతుంది. పోడు కాపలా పాకకు మందు కొట్టేవాళ్లు రారు. అక్కడ పడుకునేవాళ్లు దోమతెర వెంట తీసుకెళ్లాలి.

ప్రశ్న: గోదావరి డెల్టాలో మా ఇంటి చుట్టూ వరి చేలే. డెంగీ వస్తుందా?

జవాబు: వరి మడి డెంగీ దోమకు ఇల్లు కాదు. మీ పెరట్లో డ్రమ్ములు, టైర్లు, కొబ్బరి చిప్పలే దాని చోటు. చేలో పెరిగే క్యూలెక్స్ విష్ణుయి జాతి దోమలతో వచ్చేది మెదడువాపు (జపనీస్ ఎన్‌సెఫలైటిస్). కొంగల్లో, పందుల్లో వైరస్ పెరుగుతుంది. కిలోమీటర్లు ఎగిరే దోమ కాబట్టి ఒక్క పెరడు శుభ్రం చేస్తే చాలదు.

చేలో దోమలు తగ్గాలంటే మడిని తడిపి ఆరబెట్టే పద్ధతి మేలు. చిల్లుల గొట్టం మడిలో పాతి, నీరు నేల మట్టానికి 15 సెం.మీ. దిగువకు పోయాక, మళ్లీ 5 సెం.మీ. నిలిచేలా పెట్టాలి. పూత దశలో మాత్రం ఆరనివ్వకూడదు. మడి చదునుగా లేకపోతే పల్లంలో మిగిలిన నీటిలోనే లార్వాలు బతికేస్తాయి. ఒక్క రైతు చేస్తే ఫలితం అంతంతమాత్రమే, కాలువ కింది రైతులంతా ఒకేసారి ఆరబెట్టాలి. పందుల దొడ్లు ఇళ్లకు దూరంగా ఉంచండి. మీ జిల్లాలో టీకా ఉంటే పిల్లలకు 9 నెలలకు, మళ్లీ 16–24 నెలల మధ్య వేయించండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా వీధిలో పొగ కొడుతున్నా డెంగీ ఆగడం లేదు.

జవాబు: పొగ వీధిలో ఎగిరే దోమకు. డెంగీ దోమ ఇంట్లో మంచం కింద, బట్టల మధ్య ఉంటుంది. దాని గుడ్లు డ్రమ్ము గోడకు, నీటి గీతకు కాస్త పైన అతుక్కుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. నీళ్లు పారబోస్తే సరిపోదు, వారానికోసారి లోపలి గోడను బ్రష్‌తో గట్టిగా రుద్ది కడగాలి. ఫ్రిజ్ వెనక ట్రే, కూలర్, కుండీల కింద పళ్లెం కూడా మరవకండి. సెప్టిక్ ట్యాంకు గొట్టానికి వల కడితే క్యూలెక్స్ దోమలు బాగా తగ్గుతాయి.