స్టేషన్‌లో రాసిన కాగితం, కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వు

ప్రశ్న: మాకు పెళ్లై పదకొండేళ్లు. ఇద్దరు మగపిల్లలు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. జీతం పడే ఖాతా ఏటీఎం కార్డు ఆయన దగ్గరే ఉంటుంది. కోపం వస్తే చేయి చేసుకుంటారు, ఈమధ్య ఒకసారి గొంతు కూడా పట్టుకున్నారు. పెద్దబ్బాయి అడ్డం వచ్చాడు. అన్నయ్య పట్టుబట్టి పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లాడు. ఆయన్ని పిలిపించి మందలించారు, ఇకమీదట కొట్టనని కాగితం రాయించుకుని ఇద్దరినీ ఇంటికి పంపేశారు. నెల తిరక్కుండా మళ్లీ మొదలు. ఇల్లు అత్తగారి పేరున ఉంది, ఉండటం ఇష్టం లేకపోతే పొమ్మంటారు. ఆయన్ని జైల్లో పెట్టించాలని నాకు లేదు, కొట్టడం ఆగితే చాలు. కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు తెచ్చుకోమని తోటి టీచర్ చెప్పింది. స్టేషన్ కాగితమే ఆపలేనప్పుడు కోర్టు కాగితం ఏం ఆపుతుంది?
– ఓ సోదరి

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు జవాబు చెప్పేముందు గొంతు పట్టుకున్న సంగతి మాట్లాడాలి. మీరు దాన్ని మిగతా దెబ్బలతో కలిపి రాశారు. నేను అలా కలిపి చూడలేను. గొంతు నొక్కినప్పుడు పైకి ఏ గుర్తూ కనపడకపోయినా లోపల దెబ్బ తగిలి ఉండొచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగుతుంటే నొప్పి, తలనొప్పి, కళ్లు తిరగడం లాంటివి కొన్ని గంటల తర్వాతో, మర్నాడో మొదలవ్వచ్చు. పైగా, ఒకసారి గొంతు నొక్కిన మనిషి చేతిలో తర్వాత ప్రాణం పోయే ప్రమాదం చాలా ఎక్కువని ఈ రంగంలో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. కాబట్టి ఇంకోసారి అలా జరిగితే తెల్లారేదాకా ఆగకండి. 112కి ఫోన్ చేయండి. ప్రభుత్వాసుపత్రికి వెళ్లి 'పడిపోయాను' అనకుండా జరిగింది జరిగినట్టు చెప్పండి, ఎంఎల్‌సి (పోలీసు కేసుకు పనికొచ్చే వైద్య నమోదు) రాయమని అడగండి. మొన్నటి దెబ్బకు ఇప్పటికీ ఏమైనా ఇబ్బంది ఉంటే ఇవాళే డాక్టర్‌కి చూపించుకోండి.

ఇక ఆ కాగితం. అది మీ ఆయన ఇచ్చిన మాట మాత్రమే. దాన్ని తప్పితే ఫలానా శిక్ష అని ఏ చట్టంలోనూ లేదు. అందుకే నెల తిరక్కుండా మళ్లీ చేయి లేచింది. భార్యాభర్తల గొడవల్లో ఎఫ్ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ జరపొచ్చని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో చెప్పింది. ఆ వెసులుబాటే చాలాచోట్ల కౌన్సెలింగ్ చేసి పంపేయడంగా మారింది. కానీ గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం 5వ సెక్షన్ పోలీసుల మీద ఒక బాధ్యత పెట్టింది. రక్షణ ఉత్తర్వు అడిగే హక్కు మీకుందని, ఇందుకు సాయపడే ప్రభుత్వ రక్షణ అధికారి ఉంటారని, ఉచిత న్యాయసహాయం దొరుకుతుందని, క్రూరత్వం కింద కేసు పెట్టొచ్చని వాళ్లే మీకు చెప్పాలి. మీకు ఇవేవీ చెప్పినట్టు లేదు. అది వాళ్ల లోపం, మీ తప్పు కాదు. ఆ కాగితం నకలు మాత్రం సంపాదించండి. మీరు అప్పుడే ఫిర్యాదు చేశారనడానికి అది పనికొస్తుంది.

కోర్టు ఉత్తర్వుకు బలం ఎక్కడుందంటే, దాన్ని మీరడమే నేరం. అదే 2005 చట్టం 31వ సెక్షన్ ప్రకారం ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ నేరానికి పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు, బెయిలు హక్కుగా రాదు. మీ ఒక్కరి సాక్ష్యం మీదే కోర్టు నేరం జరిగిందని నిర్ధారించొచ్చు. ఉత్తర్వు నకలు మీకు ఉచితంగా ఇస్తారు, మీ స్టేషన్‌కీ పంపుతారు. దాంతో స్టేషన్‌లో పరిస్థితి మారిపోతుంది. ఇప్పుడు మీరు వెళ్తే ఎస్సై దాన్ని మొగుడూపెళ్లాల గొడవగా చూసి సర్దిచెప్పబోతారు. ఉత్తర్వు ఉన్నాక, ఎవరిది తప్పు, ఎవరు సర్దుకుపోవాలి అని తేల్చే పని ఆయనకు లేదు. మేజిస్ట్రేట్ వద్దన్న పని జరిగిందా లేదా అన్నదొక్కటే చూడాలి.

మీరు కోరుకున్నదీ ఇదే. రక్షణ ఉత్తర్వు కోసం వేసే దరఖాస్తు ఎవరినీ శిక్షించమని అడగదు. ఆయన ఉత్తర్వుకు లోబడి ఉన్నంతకాలం జైలు మాటే రాదు.

ఇల్లు అత్తగారిదన్న భయం అక్కర్లేదు. మీరు కాపురం చేస్తున్న ఇంట్లో ఉండే హక్కు 17వ సెక్షన్ ఇచ్చింది. ఆ ఇల్లు అత్తమామల పేరున ఉన్నా ఈ హక్కు వర్తిస్తుందని 2020లో సతీశ్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మిమ్మల్ని గెంటేయకుండా, అవసరమైతే ఆయన్నే ఇల్లు వదిలి వెళ్లమని 19వ సెక్షన్ కింద అడగొచ్చు. అత్తగారిని మాత్రం బయటికి పంపమని అడగడానికి లేదు. ఇంకొక సంగతి, ఆయన్ని ఇల్లు ఖాళీ చేయించే అధికారం పోలీసులకు సొంతంగా లేదు. కోర్టు చెబితే అమలు చేయించి, మీకు తోడు నిలవాలి.

ఇక్కడ చాలామంది లాయర్లు కూడా పట్టించుకోని మెలిక ఒకటుంది. పైన చెప్పిన జైలు శిక్ష 18వ సెక్షన్ కింద ఇచ్చే రక్షణ ఉత్తర్వును మీరినప్పటిది. ఇంటి గురించీ, ఖర్చుల గురించీ ఇచ్చే ఉత్తర్వులకు అదే శిక్ష వర్తిస్తుందా అన్న దగ్గర వాదనలు నడుస్తుంటాయి. అందుకని మీకు ప్రాణంతో సమానమైన షరతులన్నీ 18 కిందే, విడివిడిగా అడగండి. 'హింసించరాదు' అని ఒక్క ముక్కతో సరిపెట్టొద్దు. కొట్టకూడదు, మీ స్కూలుకు రాకూడదు, పిల్లల బడికి వెళ్లకూడదు, ఫోన్లోనో మనుషుల ద్వారానో బెదిరించకూడదు, మీ బ్యాంకు ఖాతా వాడకూడదు, మీకు సాయం చేస్తున్న మీ అన్నయ్య జోలికి పోకూడదు. ఇవన్నీ అడగదగ్గవే. జీతం లాగేసుకోవడం కూడా ఈ చట్టం దృష్టిలో హింసే, దాన్ని ఆర్థిక హింస అంటారు.

దరఖాస్తుకు లాయరు తప్పనిసరి కాదు. జిల్లా కేంద్రంలో స్త్రీ శిశు సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగితే మీ ప్రాంత రక్షణ అధికారి ఎవరో చెబుతారు. ఆ అధికారి గృహహింస నివేదిక రాసి మేజిస్ట్రేట్‌కి పంపుతారు. లాయరు కావాలనుకుంటే 15100కి ఫోన్ చేయండి, మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. అన్నయ్య ఇంటికి వెళ్లిపోతే ఆ ఊరి కోర్టులోనూ వేయొచ్చు. మామూలుగా మూడు రోజుల్లో మొదటి వాయిదా, 60 రోజుల్లో తీర్పు రావాలని చట్టం. ఆచరణలో నెలలు పడుతుంది. అందుకే మొదటి రోజే 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు, అంటే తుది తీర్పు వచ్చేదాకా పనిచేసే ఉత్తర్వు అడగాలి. ఆయన్ని వినకముందే, మీ అఫిడవిట్ (ప్రమాణం చేసి రాసిచ్చే వాంగ్మూలం) చూసి కోర్టు దాన్ని ఇవ్వొచ్చు.

కాబట్టి ఆ అఫిడవిట్ మీద మనసు పెట్టండి. 'తరచూ కొడుతున్నారు' అని రాస్తే మేజిస్ట్రేట్‌కి ఏమీ కనపడదు. 'ఫలానా తేదీ రాత్రి, కార్డు తిరిగి ఇవ్వమన్నందుకు, వంటగదిలో గోడకు నెట్టి రెండు చేతులతో గొంతు నొక్కారు, మాట రాలేదు, పెద్దబ్బాయి వచ్చి చొక్కా పట్టుకుని లాగాడు' అన్నట్టు రాయండి. తేదీ గుర్తు లేకపోతే ఏ పండగకు ముందో, ఏ పరీక్షలప్పుడో రాయండి. లేనిది ఒక్కటీ కలపొద్దు.

క్రిమినల్ కేసు దారి మూసుకుపోదు. భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వానికి వర్తించే ఐపీసీలోని పాత 498ఎ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్, మూడేళ్ల దాకా శిక్ష. 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక అందులో వెంటనే అరెస్టు చేసేయడం లేదు, ఎక్కువగా నోటీసిచ్చి పిలుస్తారు. రక్షణ ఉత్తర్వు దరఖాస్తు, ఈ కేసు రెండూ కలిపి నడిపినా తప్పులేదు. గొంతు సంగతి చూశాక, ఆ తలుపు మీరు మూసేసుకోవద్దనే నేనంటాను.

కోర్టు నోటీసు ఆయన చేతికి అందే రోజుల్లో జాగ్రత్త మరీ ముఖ్యం. ఆ వారం మీరూ పిల్లలూ అన్నయ్య దగ్గరుంటే మంచిది. ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు, మందుల చీటీలు, కాస్త డబ్బు ముందే అక్కడికి చేర్చండి. అక్కడ కుదరకపోతే 181కి ఫోన్ చేసి సఖి కేంద్రం (హింసకు గురైన మహిళలకు సాయపడే ప్రభుత్వ కేంద్రం) గురించి అడగండి, తాత్కాలికంగా ఉండటానికి చోటిస్తారు.

పెద్దబ్బాయితో ఒకసారి కూర్చుని మాట్లాడండి. వాడు అమ్మను కాపాడాడు, ఆ మాట వాడికి చెప్పండి. ఇకమీదట మాత్రం మధ్యలోకి రావద్దని, తమ్ముణ్ణి తీసుకుని పక్కింటికి వెళ్లి అక్కణ్ణుంచి 112కి ఫోన్ చేయమని నేర్పండి. ఆ పక్కింటివాళ్లకు ఈ సంగతి ముందుగా మీరే చెప్పి ఉంచండి.