మూడు రంగుల గండుపిల్లి ఐదు రోజులుగా కనబడడం లేదు

ప్రశ్న: మాది పాకాల మండలంలో ఒక పల్లె. శనక్కాయ మూటలకు ఎలుకల బాధ పడలేక పోయిన సంక్రాంతికి ముందు ఒక పిల్లికూనను తెచ్చుకున్నాం. తెలుపు, నలుపు, ఎరుపు కలిసిన గండుపిల్లి. ఈ మధ్య బాగా తిని ఒళ్ళు చేసింది, పొట్ట కూడా వచ్చింది. ఐదు రోజులుగా కనబడడం లేదు. పొద్దునా సాయంత్రం ఊరంతా తిరిగి పిలుస్తున్నాం, పక్క పల్లెల్లో కూడా అడిగాం. సోది చెప్పించుకుంటే తూర్పు వైపు పోయిందన్నారు. మా అమ్మ అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. పిల్లిని ఎట్లా వెతకాలి? రాకపోతే ఇంకో పిల్లికూనను తెచ్చుకోవచ్చా?
– ఒక రైతు, పాకాల మండలం

జవాబు: మీరు రాసినదాంట్లో రెండు మాటల దగ్గర నాకు అనుమానం వచ్చింది. ఒకటి మూడు రంగులు, రెండోది పొట్ట. తెలుపు, నలుపు, ఎరుపు మూడూ ఒంటి మీద ఉన్న పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. పిల్లుల్లో ఎరుపు రంగు తెచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగదానికి ఎక్స్ ఒకటే కాబట్టి ఎరుపో నలుపో ఏదో ఒకటే వస్తుంది. రెండూ రావాలంటే రెండు ఎక్స్‌లు కావాలి. పుట్టుకలో తేడా వల్ల ఎక్కడో ఒక మగపిల్లికి మూడు రంగులు రావచ్చు గానీ అది చాలా అరుదు. కాబట్టి మీ గండుపిల్లి అసలు గండుపిల్లి కాకపోవచ్చు. ఒళ్ళు చేసిందని మీరు అనుకున్నది చూడి అయ్యుండవచ్చు. ఇందులో మీ తప్పేం లేదు, పిల్లి తోక ఎత్తి చూసి పేరు పెట్టేవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమంది?

పిల్లి చూడి కాలం 63 నుంచి 65 రోజులు. నెలలు నిండే సమయానికి చీకటిగా, పొడిగా, మనుషుల అలికిడి లేని చోటు వెతుక్కుంటుంది. గడ్డివామిలో తొలుచుకుపోయిన సందు, కొట్టం అటక, పాత తట్టలు బోర్లించిన మూల, బోరు షెడ్డులో గోనెసంచుల వెనక, ఇట్లాంటివి. పిల్లలు పెట్టిన మొదటి ఒకటి రెండు రోజులు అక్కడి నుంచి కదలదు. ఆ తర్వాత ఆకలికి బయటికి వస్తుంది గానీ, మనం నిద్రపోయాక వచ్చి నాలుగు మెతుకులు తిని పోతుంది. మీరు పగలు గట్టిగా పిలుస్తూ తిరిగితే అది ఇంకా లోపలికి ముడుచుకుంటుంది. దెబ్బ తగిలిన పిల్లి, భయపడిన పిల్లి కూడా అంతే, పక్కనే ఉండి కూడా పలకదు.

అందుకని పక్క పల్లెలు వదిలేయండి. ఇంటి పిల్లి తప్పిపోయినప్పుడు ఎక్కువసార్లు ఇంటికి దగ్గర్లోనే దొరుకుతుంది. సోది చెప్పిన తూర్పు సంగతి నాకు తెలియదు గానీ, మీ గడ్డివామి తూర్పునే ఉంటే అక్కడినుంచే మొదలుపెట్టండి, నష్టం లేదు.

మొట్టమొదట తాళాలు చూడండి. పోయిన వారం రోజుల్లో ఏ గది తెరిచి మూశారు అని మీ అమ్మగారిని అడగండి. విత్తనం శనక్కాయలు పెట్టిన గది, ఎరువు మూటల గది, పక్కవాళ్ళ పాత ఇల్లు, అన్నీ. తలుపు తెరిచి చూసి మూసేస్తే చాలదు, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. మా ఇంట్లో పిల్లి పోయినప్పుడు మేము రెండు వీధులు గాలించాం. పక్కింటివాళ్ళు తాళం వేసి పెళ్ళికి వెళ్ళారు. నాలుగో రోజు వాళ్ళు తిరిగొచ్చి తలుపు తీస్తే అది బియ్యం డ్రమ్ము వెనక నుంచి ఏమీ జరగనట్టు నడిచి వచ్చింది. పశువైద్యుడిని అయ్యుండి నాకు ఆ ఆలోచన రాలేదు.

ఇక రాత్రి పని. పదకొండు దాటాక, కుక్కలు సద్దుమణిగాక బయలుదేరండి. ఇద్దరు చాలు, అందులో ఒకరు మీ అమ్మగారైతే మంచిది, రోజూ అన్నం పెట్టే గొంతు దానికి బాగా తెలుసు. టార్చిలైటు నడుము దగ్గర కాకుండా మీ కణత పక్కన, కంటి ఎత్తులో పట్టుకోండి. అట్లా పట్టుకుంటేనే పిల్లి కళ్ళు పచ్చగా మెరిసేది మీకు కనబడుతుంది. గడ్డివామి అడుగున, గెనిమల మీద పొదల కింద, ట్రాక్టరు ట్రాలీ కింద నెమ్మదిగా వెలుగు తిప్పండి. పది అడుగులకొకసారి ఆగి చెవి పెట్టండి. కొత్తగా పుట్టిన పిల్లలు ఉంటే సన్నగా కీచుమంటాయి, పగటి చప్పుళ్ళలో అది వినబడదు. చేదబావి ఉంటే గోడల్లోని గూళ్ళలోకి కూడా లైటు వెయ్యండి.

ఎక్కడా కనబడకపోతే ముగ్గుపిండి వాడండి. పడుకునే ముందు కొట్టం గడప దగ్గర, గడ్డివామి పక్కన చదునైన చోట మూరెడు మేర పలచగా చల్లి, మధ్యలో ఒక ఎండుచేప ముక్క పెట్టండి. తెల్లవారి జాడ చూడండి. పిల్లి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి నాలుగు వేళ్ళ గుండ్రటి అచ్చులు పడతాయి, ముందు గోటి గీతలుండవు. కుక్కదైతే అచ్చు కొంచెం పొడుగ్గా ఉండి గోటి గుర్తులు పడతాయి. పిల్లి జాడ కనబడితే మర్నాడు రాత్రి కొంచెం దూరంగా కూర్చుని, తిన్నాక అది ఎటు పోతుందో చూడండి. వెంటపడొద్దు.

ఎలుకల మందు సంగతి మీరు రాయలేదు. నాకున్న పెద్ద టెన్షన్ అదే. మీరు గానీ, చుట్టుపక్కల చేన్లవాళ్ళు గానీ నూకల్లో నూనె, జింక్ ఫాస్ఫైడ్ కలిపి పెట్టారా? బ్రోమాడియోలోన్ బిళ్ళలు వేశారా? బ్రోమాడియోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది. అట్లాంటి ఎలుకే పిల్లికి తేలిగ్గా దొరుకుతుంది. దాన్ని తిన్న పిల్లికి రక్తం గడ్డకట్టదు. చిగుళ్ళు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, నల్లటి విరేచనం, ఆయాసం కనబడతాయి. దీనికి విటమిన్ కె1 విరుగుడు ఉంది, వారాల తరబడి ఇవ్వాల్సి ఉంటుంది. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు. అందుకే దొరికిన వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మీకు తిరుపతి దూరం కాదు, పశువైద్య కళాశాల ఆసుపత్రి అక్కడే ఉంది. మందు పెట్టి ఉంటే మిగిలిన నూకలు, చచ్చిన ఎలుకలు ఏరి లోతుగా పూడ్చండి.

ఆ ఐదు రోజుల్లో మీ దగ్గరికి టమోటా క్రేట్లకో బెల్లానికో లోడు బండి వచ్చిందా అన్నది కూడా గుర్తు చేసుకోండి. పిల్లులు టార్పాలిన్ కింద నిద్రపోయి మండీకి వెళ్ళిపోవడం ఉంటుంది. డ్రైవరుకు ఒక ఫోను చేస్తే తేలిపోతుంది.

దొరికితే ఆత్రంగా చేతులు చాపొద్దు. భయంలో ఉన్నది, పిల్లల దగ్గర ఉన్నది మనల్నే కరుస్తుంది. కరిచినా, గీరినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబీస్ టీకాకు వెళ్ళండి. మూతపడిన గదిలో ఉండిపోయిన పిల్లి అయితే ముందు నీళ్ళు, తర్వాత ఉడికించిన గుడ్డో చేపో కొంచెం కొంచెంగా రెండు మూడు గంటలకొకసారి పెట్టండి. గిన్నెడు పాలు ఒకేసారి పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి. ఒళ్ళు వెచ్చగా ఉందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ ముక్క వేశారంటే పిల్లి చచ్చిపోతుంది. మనకు మందైనది దానికి విషం.

పిల్లలతో కనబడితే అక్కడే వదిలేయండి. బుట్టలో పెట్టి ఇంట్లోకి తెస్తే, మన పెద్దవాళ్ళు చెప్పే ఏడిళ్ళు తిప్పడం మొదలుపెడుతుంది. తిండి, నీళ్ళు దగ్గర్లో పెట్టి రండి. మూడు నాలుగు వారాలకు పిల్లలు నడవడం నేర్చుకుంటాయి, అప్పుడు తల్లే తీసుకొస్తుంది. పాలు మరిచాక తల్లికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబీస్ టీకా చేయించండి. పాలిచ్చే రోజుల్లోనే మళ్ళీ ఎదకు రాగలదు కాబట్టి ఆలస్యం చెయ్యకండి.

ఇంకో కూనను తెచ్చుకోవడం అడిగారు. ఇప్పుడే తేవద్దు, కనీసం నెల ఆగండి. నా అనుమానం నిజమైతే మీ కొట్టంలోనే మూడు నాలుగు కూనలు తిరుగుతుంటాయి, అప్పుడు మీరే ఎవరికివ్వాలా అని వెతుక్కోవాలి.