క్రాస్ ఎగ్జామినేషన్ కావాలని కాగితం మీద అడుగు

అల్లుడూ,

ఆశీస్సులు. నీ వక్కల లోడు కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వు పంపిన షోకాజ్ నోటీసు రెండుసార్లు చదివాను. సరుకు దొంగచాటుగా విదేశం నుంచి వచ్చిందనడానికి అందులో ఉన్న ఆధారమల్లా లారీ డ్రైవరు, సరుకు అమ్మిన వ్యాపారి కస్టమ్స్ చట్టం 108 సెక్షన్ కింద అధికారుల ముందు ఇచ్చిన వాంగ్మూలాలే. బంగారం లాంటి కొన్ని సరుకులకైతే దొంగసరుకు కాదని మనమే రుజువు చేసుకోవాలి. వక్కలు ఆ 123 సెక్షన్ జాబితాలో లేవు కాబట్టి రుజువు చేయాల్సింది డిపార్ట్‌మెంటే. వాళ్ల కేసంతా ఆ ఇద్దరి మాట మీదే నిలబడింది.

అందుకే జవాబుతో పాటే, ఆ ఇద్దరినీ క్రాస్ ఎగ్జామిన్ చేయాలని, అంటే పిలిపించి మన తరఫున ఎదురు ప్రశ్నలు వేయనివ్వాలని రాసి ఇచ్చి రసీదు తీసుకో. హియరింగ్ రోజున నోటితో అడిగితే రికార్డులోకి ఎక్కకపోవచ్చు. సాక్షులందరినీ పిలవండి అని మాత్రం రాయకు, అలాంటి అర్జీని తోసిపుచ్చడం తేలిక. ఎవరు, ఏ పేరాలో, ఏ మాట అన్నారు, అది నీకెలా నష్టమో విడివిడిగా చూపించు. 138బి సెక్షన్ తప్పక ఎత్తు. దాని ప్రకారం, మనిషి చనిపోవడం, దొరక్కపోవడం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప, వాంగ్మూలాన్ని ఆధారంగా వాడాలంటే అది ఇచ్చినవాణ్ని ముందు సాక్షిగా విచారించాలి. 2015లో ఆండమాన్ టింబర్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. అది ఎక్సైజ్ కేసే అయినా మనకు పనికొస్తుంది. సాక్షుల మాటే ఆధారమైనప్పుడు వాళ్లను ప్రశ్నించనివ్వకపోతే ఆ ఉత్తర్వు చెల్లదంది.

ఇన్ఫార్మర్‌ను, అంటే వాళ్లకు రహస్యంగా సమాచారం ఇచ్చినవాణ్ని పిలవమని అడగకు, ఒప్పుకోరు. నీ సొంత వాంగ్మూలం సంగతి వేరు. బెదిరిస్తే సంతకం పెట్టానంటున్నావు కదా, ఆ మాట ఇవాళే రాసి పంపు. నెలలు గడిచాక చెబితే ఎవరూ నమ్మరు.

డ్రైవరు విషయంలో నాకు గట్టి ఆశ ఉంది. మన పర్లాకిమిడి కుర్రాడు, తెలుగు, కాస్త ఒడియా తప్ప రాదు. వాంగ్మూలమేమో ఇంగ్లీషులో ఉంది! ఎవరు రాశారు, ఏ భాషలో చదివి వినిపించారు, సరుకు ఏ దేశానిదో అతనికెవరు చెప్పారు? వకీలుతో ఇవి అడిగించి అక్కడితో ఆపించు. ఎక్కువ అడిగితే సాక్షి సర్దుకుంటాడు.

క్రాస్ ఎగ్జామినేషన్‌కు అధికారి ఒప్పుకోకపోతే, కారణాలు రాసి ఇమ్మని కోరు. అలిగి హియరింగ్ మానెయ్యకు. వాయిదాలు మూడుకు మించి ఇవ్వరు. ఉత్తర్వు మీద అప్పీళ్లు వినే కమిషనర్ అప్పీల్స్‌కు వెళ్లాలంటే ఉత్తర్వు అందిన 60 రోజుల్లో వెయ్యాలి.

కొనుగోలు బిల్లులు, బ్యాంకు కాగితాలు, నోటీసుకు జతచేసి పంపిన కాగితాలు అన్నీ పట్టుకుని ఆదివారం బరంపురం రా. అర్జీ కలిసి రాద్దాం.

మీ మావయ్య