గుట్టను కాపాడబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి తల్లికి పెద్దనాయన ఆశీస్సులు.

బెంగళూరులో ఉద్యోగం మానేసి ఊరికి వచ్చావనీ, మన గుట్టనూ దాని కిందనున్న మేత బీడునూ కాపాడే పనికి పూనుకుంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఇంత పెద్ద నిర్ణయం నాతో ఒక్క మాటైనా చెప్పకుండా తీసుకున్నందుకు కోపం వచ్చింది. ఎవరి పేరా పట్టా లేని నేల కోసం మన ఇంటి పిల్ల ఇంతగా తపిస్తున్నదని తలచుకుంటే ఆ కోపం నిలవలేదు. అనంతపురం జిల్లాలో సర్వేయరుగా గొలుసు పట్టుకుని ఊరూరా పొలిమేరలు కొలిచినవాణ్ణి కనుక, ఎక్కడి ఉమ్మడి నేల ఎలా చేజారిందో నా కళ్లతో చూశాను. అందుకే ఈ ఉత్తరం.

మొదట కాగితాలు సంపాదించు. గ్రామ పటం, ఆ సర్వే నంబర్ల కొలతల పటాలైన ఎఫ్.ఎం.బి. నకళ్లు, ఆర్.ఎస్.ఆర్. అనే పాత సెటిల్మెంటు రిజిస్టరు, అడంగలు కావాలి. తహశీల్దారు కార్యాలయంలో ఇవ్వకుండా తిప్పుకుంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టు. రిజిస్ట్రేషను నిషేధించిన 22-ఎ జాబితాలో ఆ నంబర్లు ఉన్నాయో లేవో చూడు. రీసర్వే జరిగిన గ్రామాలలో పాత సర్వే నంబర్లకు బదులు ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి, పాత విస్తీర్ణమూ కొత్త విస్తీర్ణమూ పక్కపక్కన రాసుకుని, ఎక్కడ ఎన్ని సెంట్లు తగ్గాయో నువ్వే స్వయంగా లెక్క తేల్చాలి.

రికార్డులో ఆ నేలను ఏ వర్గం కింద రాశారన్నది మరింత ముఖ్యం. మేత పోరంబోకును ఎవరికైనా అసైన్ చేయాలంటే, అంటే సర్కారు కేటాయించి ఇవ్వాలంటే, ముందు దాని వర్గీకరణ మార్చాలి. ఆ మార్పు జరిగేలోపు ఊరివాళ్లు అభ్యంతరం చెప్పుకునే వీలుంటుంది. ఉత్త బంజరుగా రాసిన నేలకు ఆ పాటి అడ్డు కూడా లేదు. చెన్నేకొత్తపల్లి దగ్గర కల్పవల్లి గుట్టలకు ఎదురైన కష్టం ఇదే. 1990ల మొదటి నుంచి టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థవాళ్లూ చుట్టుపక్కల పల్లెలవాళ్లూ కలిసి, మంటలు పడకుండా, చెట్లు నరకకుండా కావలి కాసి, వేల ఎకరాల బోడి గుట్టల మీద అడవిని మళ్లీ నిలబెట్టారు. కప్పులకు బోద గడ్డి, చాపలకూ చీపుర్లకూ ఈత ఆకు, గొర్రెలకు మేత అక్కడే దొరికాయి. రెవెన్యూ రికార్డులో మాత్రం అది బంజరుగానే ఉండిపోయింది. గాలిమరలు వచ్చినప్పుడు వాటికోసం గుట్టల నడుములు కోసి బాటలు వేశారు. ఇన్నేళ్లు కావలి కాసిన పల్లెలవాళ్ల చేతిలో చూపించుకోవడానికి హక్కు పత్రం లేదు. నువ్వు ఒక్క మొక్క నాటక ముందే గ్రామసభ పెట్టించి, ఈ నేలను ఊరి పశువులు తరతరాలుగా మేస్తున్నాయని తీర్మానం రాయించు. తీర్మానం కింద ఖాళీ జాగా వదలకుండా గీత కొట్టించి, ఆ తరవాతే సంతకాలు పెట్టించు. ఇది చిన్న విషయమని కొట్టిపారేయకు.

ఇక నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన మాటకు వస్తాను. గుట్ట చుట్టూ ముళ్లకంచె వేయించి మూడేళ్లపాటు ఎవరినీ లోపలికి రానివ్వనని అన్నావట. నువ్వు అనుకున్న పనినే అచ్చంగా అలాగే చేసిన ఊరు ఒకటి నాకు తెలుసు. ఊరి పేరు చెప్పను, ఆ పెద్దల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. రాష్ట్రంలో 1992 నుంచి వన సంరక్షణ సమితులు ఏర్పడసాగాయి. వాటిని చూసి ఆ ఊరివాళ్లు కూడా తమ గుట్టకు ఒక కమిటీ వేసుకున్నారు. కమిటీలో భూస్వాములు, ఉద్యోగస్థులు, చదువుకున్న యువకులు ఉన్నారు. అందరూ మంచివాళ్లే, ఒక్కరూ స్వార్థపరులు కారు. అయితే మందలు మేపే కురుబల ఇళ్ల నుంచి గానీ, గొల్లల ఇళ్ల నుంచి గానీ ఒక్కరిని కూడా పిలవలేదు. కట్టెలు తెచ్చుకునే ఆడవాళ్లను అడగాలని ఎవరికీ తోచలేదు. గుట్ట మొత్తానికి ఒక్కసారిగా కందకం తవ్వారు. లోపలికి వచ్చిన ప్రతి గొర్రెకూ జరిమానా అన్నారు. గడ్డి నేలంతా తవ్వి యూకలిప్టస్ వరుసలు నాటారు.

మొదటి ఏడాది గడ్డి మోకాళ్ల దాకా లేచింది, పక్క ఊళ్లవాళ్లు వచ్చి చూసి మెచ్చుకున్నారు. మంద ఉన్నవాడు మాత్రం మేతకు ఎక్కడికి పోతాడు? మన జిల్లాలో వానలే తక్కువ, గొర్రెలు చూస్తే చాలా ఎక్కువ. వాళ్లు మందలను చెరువు కట్ట మీదికీ, పక్క ఊరి బీళ్లలోకీ తోలారు. అక్కడ మేత తరిగిపోయి గొడవలు మొదలయ్యాయి. ఒక ముసలి కాపరి జరిమానా కట్టలేక తన పొట్టేలును అమ్ముకున్నాడు. ఆ పొట్టేలును సంతకు తోలుకుపోతూ అతను నా ముందు నుంచే నడిచి వెళ్లాడు, గుట్ట వైపు తిరిగి కూడా చూడలేదు. మూడో ఏడు మాఘమాసంలో ఎండిన గడ్డికి నిప్పంటుకుంది. ఎవరు పెట్టారో, ఎలా రేగిందో తేలలేదు. అంతకుముందైతే గుట్ట మీద పొగ కనబడగానే కాపరులే పచ్చి కొమ్మలు విరుచుకుని పరుగెత్తేవారు. ఆ రోజు ఒక్కరూ కదలలేదు. కమిటీవాళ్లు పదిమంది బిందెలతో వెళ్లేసరికి వెనక వాలంతా కాలిపోయింది.

అంతకన్నా పెద్ద నష్టం తరవాత జరిగింది. రోజూ మనుషులు తిరిగే గుట్ట నిర్మానుష్యమయ్యాక, దాని వెనక గ్రావెల్ తవ్వుతున్న సంగతి ఊరికి తెలియడానికి నెలలు పట్టింది. కాపరులకు ముందే తెలుసు, అయినా వాళ్లు ఎవరితో చెప్పుకోవాలి? ఆ గుట్ట తమది కాదని ఊరే వాళ్లకు చెప్పింది కదా. కొలతకని నేను వెళ్లేనాటికి హద్దు రాయి ఉండవలసిన చోట రెండు నిలువుల లోతు గుంత ఉంది.

అందుకే, తల్లీ, కంచె కొనకముందు కురుబల వీధికి వెళ్లి కూర్చో. ఏ వాలులో ఏ గడ్డి ఎప్పుడు గింజ పడుతుందో, ఏ కుంటలో వేసవి దాకా నీరుంటుందో వాళ్లే చెబుతారు. గుట్టను మూడు నాలుగు భాగాలు చేసి, ఏటా వానాకాలంలో ఒక భాగాన్ని మాత్రం గింజ రాలేదాకా మూసి, తక్కినవి తెరిచి ఉంచమను. మూసిన భాగంలో గడ్డి కోసుకుపోవడానికి మంద లేని బీదవాళ్లకు కూడా వాటా ఉండాలి. మేకలు ఎక్కువైన మాట నిజమే, మేత శక్తికి మించి మేపితే ఏ నేలా తట్టుకోదు. ఆ లెక్క కాపరులే కూర్చుని తేల్చుకుంటే నిలుస్తుంది, నువ్వు విధిస్తే నిలవదు.

చెట్లు నాటడానికి తొందరపడవద్దు. గడ్డి నేలను ఖాళీ నేల అనుకోవడం చదువుకున్నవాళ్లు తరచుగా చేసే పొరపాటు. కర్నూలు వైపు రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ప్రకటించారు. ఆ పక్షికి కావలసింది దట్టమైన అడవి కాదు, విశాలమైన గడ్డి మైదానం. చుట్టూ ఉన్న గడ్డి నేలలు సాగులోకి వెళ్లిపోయాక అది కనబడటమే అరుదైంది. మన గుట్ట మీద సర్కారు తుమ్మను వేళ్లతో పెకలించి, ఉపాధి హామీ పనుల కింద వాలుకు అడ్డంగా కందకాలు తవ్విస్తే, రేగు, తంగేడు, సీతాఫలం వాటంతటవే లేస్తాయి. చలికాలం వెళ్లకముందే, మంట పాకకుండా గడ్డి తీసేసిన బాటలు, అంటే ఫైర్‌లైన్లు చెక్కించు.

ఆక్రమణల విషయంలో 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఇప్పటికీ పనికివస్తుంది, నోటీసు ఇచ్చి ఖాళీ చేయించే అధికారం తహశీల్దారుకు ఉంది. పంజాబులో ఒక గ్రామ చెరువు కేసులో సుప్రీంకోర్టు 2011 జనవరిలో తీర్పు ఇస్తూ, ఊరుమ్మడి నేలల ఆక్రమణలను తొలగించే పథకాలు తయారుచేయమని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ తీర్పు నకలును ప్రతి అర్జీకీ జతచేయి. పదేళ్లుగా రెండెకరాలు దున్నుకుంటున్న భూమిలేని కుటుంబాన్నీ, యంత్రాలు దింపిన కాంట్రాక్టరునూ ఒకే అర్జీలో రాయకు. మొదటివాళ్లతో మాట్లాడవచ్చు, రెండోవాడి మీద ఫిర్యాదు చేయాలి.

రాత్రిపూట గ్రావెల్ తోలే టిప్పర్లకు అడ్డంగా వెళ్లి నిలబడాలన్న ఆలోచన నీకు ఉంటే ఇప్పుడే మానుకో. నీ మొండితనం చిన్నప్పటి నుంచీ ఎరుగుదును, మీ జేజినాయన పోలికే. గుట్ట పోతే కోర్టుకు వెళ్లి తెచ్చుకోవచ్చు, నీకేమైనా అయితే మీ అమ్మకు నేను ఏమని చెప్పాలి? పగటిపూట నలుగురితో వెళ్లు. గుంత లోతు కొలిచి, తేదీతో ఫొటోలు తీసి, గనుల శాఖకూ కలెక్టరుకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపు. అర్జీ మీద నీ ఒక్కదాని సంతకం ఉండకూడదు. కాపరులవీ, స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లవీ ముందు ఉండాలి, నీది చివర ఉండాలి.

ఎఫ్.ఎం.బి. నకళ్లు చేతికి రాగానే నా దగ్గరికి తీసుకురా. మోకాళ్ల నొప్పితో గుట్ట ఎక్కలేను గానీ, పటం ముందు పెట్టుకుని ఏ మూల రాయి ఎక్కడ ఉండాలో చెప్పగలను. వచ్చేటప్పుడు కాపరుల పెద్దను కూడా వెంటబెట్టుకుని రా, మీ పెద్దమ్మ మీ ఇద్దరికీ వంట చేసి పెడుతుంది.

ఆశీస్సులతో,
నీ పెద్దనాయన