పక్క చేను అప్పు చేసి కొనాలా? – సమాధానం

పక్క చేను అమ్మకానికి వచ్చింది, అప్పు చేసైనా కొనాలా అని అడిగారు. ముందు కౌలు లెక్క వేయండి. ఏడాది కౌలు చేను ధరలో 2 శాతమే ఉండి, వడ్డీ 10 శాతమైతే, మిగతా 8 శాతం మీ పాత పొలమే మోయాలి. అప్పు అసలు తీర్చడం దీనికి అదనం. భూమి ధరలో పంట విలువతోపాటు రేపు రోడ్డు, ఇళ్లు వస్తాయన్న ఆశ కూడా ఉంటుంది, అందుకే ఇంత తేడా.

దళారి చెప్పే రేటు పట్టుకోకండి, ఈమధ్య అమ్మినవాళ్లనే అడగండి. చేనుకు మీ పొలం గుండా తప్ప వేరే దారి లేకపోతే బయటివాళ్లు రారు, బేరం మీ చేతిలోనే ఉంటుంది.

బయానా ఇచ్చేముందే హద్దులు కొలిపించండి, తాకట్టు ఉందేమో చూడండి. వారసుల్లో ఒక్కరి సంతకం తప్పినా తర్వాత దావా పడొచ్చు. లెక్క కుదరకపోతే కౌలుకు అడగండి, కాగితం మాత్రం రాయించుకోండి.