మీ చేతిలో ఉన్నది సిక్స్‌పెన్స్

షిల్లింగా (పన్నెండు పెన్నీల నాణెం), మరొకటా అని మీరు సందేహిస్తున్న, 26 మిల్లీమీటర్ల వెడల్పు, 2.7 గ్రాముల బరువున్న ఆ వెండి నాణెం ఇంగ్లండ్‌ను ఏలిన మొదటి ఎలిజబెత్ కాలపు సిక్స్‌పెన్స్, అంటే ఆరు పెన్నీల నాణెం. రాణి తల వెనుక చిన్న గులాబీ, రెండో వైపు డాలు బొమ్మకు పైన 1573 ఉన్నాయని రాశారు కదా, ఈ రెండూ ఆమె షిల్లింగుల మీద ఉండవు. త్రీపెన్స్ (మూడు పెన్నీల నాణెం) మీద ఉన్నా, అది దాదాపు 19 మిల్లీమీటర్లే.

అసలు బరువు సుమారు 3 గ్రాములు కాబట్టి, తరుగు చూసి నకిలీదని బెంగపడకండి. సుత్తితో అచ్చుకొట్టిన నాణేల అంచులను వెండి కోసం కత్తిరించడాన్ని 1562లో రాజద్రోహంగా ప్రకటించినా, ఆ పని ఆగలేదు. అంచు దగ్గర అక్షరాల తలలు తెగి ఉంటే కారణం బహుశా అదే. దయచేసి నాణెం మీద పేరుకున్న నల్లని పొరను చింతపండుతో తోమకండి, నాణెం విలువ పడిపోతుంది.