“పై అరలో పెట్టానండీ” అనే తండ్రితో మాట్లాడటం

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

టెక్సాస్‌లో పిల్లల క్లినిక్‌లో చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఇంట్లో తుపాకుల గురించి తల్లిదండ్రులను అడగాలంటే నోరు పెగలడం లేదని రాశావు. గుంటూరులో నర్సింగ్ చదివిన పిల్లకు ఆ ప్రశ్న ఎవరు నేర్పుతారు! అక్కడ మాత్రం అడగక తప్పదు. 2020లో అమెరికాలో 1 నుంచి 19 ఏళ్ల వయసువారి మరణాల్లో తుపాకులు రోడ్డు ప్రమాదాలను కూడా దాటి మొదటి కారణమయ్యాయి. అడిగే హక్కు మనకుందా అన్న సందేహం పెట్టుకోకు. డాక్టర్లు ఈ ప్రశ్న అడగకూడదని ఫ్లోరిడాలో 2011లో చట్టమే తెచ్చారు. అప్పీలు కోర్టు 2017లో ఆ నిషేధాన్ని కొట్టివేసింది.

“మీ ఇంట్లో తుపాకీ ఉందా?” అని మాత్రం మొదలుపెట్టకు. ఆ మాట వినగానే తండ్రి చేతులు కట్టుకుని బిగుసుకుపోతాడు. కారు సీటు, మందుల సీసాలు, ఈత కొలను గురించి చెబుతున్న వరుసలోనే, “తుపాకీ ఉన్న ఇళ్లలో దాన్ని పిల్లలకు అందకుండా ఎలా ఉంచాలో అందరికీ చెబుతుంటాం, మీకూ చెప్పనా?” అను. ‘అందరికీ’ అన్నది మరిచిపోకు. వద్దంటే కాగితం చేతికిచ్చి టీకా పని చూసుకో. మళ్లీ చెకప్‌కు వస్తారు కదా.

నీకు ఎక్కువగా ఎదురయ్యే జవాబు, “పై అరలో పెట్టానండీ, వాడికి తెలియదు” అని. నేను ఆ మాట నమ్మను. 2006లో అచ్చయిన ఒక అధ్యయనంలో తుపాకీ ఎక్కడుందో పిల్లలకు తెలియదన్న తల్లిదండ్రుల్లో నూటికి 39 మంది మాటను వాళ్ల పిల్లలే కాదన్నారు. అయితే ఆ లెక్క తండ్రికి చెప్పి వాదన పెట్టుకోకు. “కుర్చీ వేసుకుంటే అందుతుందా?” అని అడిగి ఊరుకో. ఆ తరువాత ఆయనే ఆలోచించుకుంటాడు.

చెప్పాల్సింది కొంచెమే. తూటాలు తీసేయాలి, తుపాకీకి తాళం వేయాలి, తూటాలను వేరే చోట తాళం వేసి ఉంచాలి. తాళంచెవి కారు తాళాల గుత్తిలో వేలాడకూడదు. నీ సొరుగులో ఒక కేబుల్ తాళం (తీగ ఉండే తాళం) ఉంచుకుని చేతికిచ్చి చూపించు. పిస్తోలు ఖాళీ చేశాక స్లైడు, అంటే ముందుకూ వెనక్కూ జరిగే పైభాగం, వెనక్కి లాగి, తూటా బయటపడే సందులోంచి తీగ దూర్చి, మ్యాగజైను (తూటాల డబ్బా) పెట్టే ఖాళీలోంచి కిందికి తీసి తాళం వేస్తారు. ఇక స్లైడు మూసుకోదు, మ్యాగజైను ఎక్కదు. కాకపోతే అది చిన్న చేతులను ఆపేందుకే. కట్టర్ వాడటం తెలిసిన పిల్లవాడుంటే ఉక్కు పెట్టె కొనమను. “దొంగ వస్తే ఎలా?” అంటే వేలిముద్రతో వెంటనే తెరుచుకునే పెట్టెలున్నాయని చెప్పు. తుపాకీ ఉండాలా వద్దా అన్న చర్చలోకి దిగకు, అది నీ పని కాదు. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకు తూటాలు నింపిన తుపాకీ అందేలా వదిలేయడం నేరమే, కానీ దాన్ని బెదిరింపుగా వాడకు.

అన్నిటికన్నా నేను భయపడేది పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లల విషయంలో. దిగులు ప్రశ్నావళిలో ఆ పిల్ల జవాబులు బాగా లేకపోతే తల్లిని పక్కకు పిలిచి నేరుగా మాట్లాడు. మెత్తగా చెప్పాలి గానీ నాన్చకూడదు. “పాప కుదుటపడేదాకా తుపాకీ ఇంట్లో వద్దు, నమ్మకమైన బంధువుల దగ్గర ఉంచండి” అను. తుపాకీతో ప్రాణం తీసుకోబోయినవారిలో బతికేవారు సుమారు పదిమందికి ఒక్కరు. మనసు మార్చుకునే వ్యవధే ఉండదు. డాక్టరుకు వెంటనే చెప్పు. ఆత్మహత్య ఆలోచనలు వచ్చేవారికి సాయం చేసే 988 ఫోను నంబరు రాసివ్వు.

మనవాళ్లు “మాకెందుకుంటుందండీ!” అని నవ్వేస్తారు. మోటెల్, గ్యాస్ స్టేషన్ నడిపేవారిలో కౌంటరు కింద పిస్తోలు ఉంచుకునేవారు లేకపోలేదు, వాళ్లు రాత్రి దాన్ని ఎక్కడ పెడతారో అడుగు. అసలే లేనివాళ్లకు వేరే మాట చెప్పాలి. పిల్లవాడు ఆడుకోవడానికి వెళ్లే ఇంట్లో కుక్క ఉందా అని అడిగినట్టే తుపాకీకి తాళం ఉందా అని కూడా అడగమను. మొహమాటపడతారు. ఫోనులో సందేశం పెట్టమను, అది తేలిక.

కేబుల్ తాళాలను ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ అనే తుపాకీ భద్రత కార్యక్రమం తరఫున చాలా పోలీసు స్టేషన్లలో ఉచితంగా ఇస్తారు. మీ ఊరి స్టేషనుకు ఫోను చేసి ఒక పెట్టెడు అడుగు.

మీ పెద్దమ్మ